పీలే గోల్స్ 1,283నా, 757నా?

మా మేనల్లుడికి మెస్సీ అంటే ప్రాణం. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు, గది గోడల నిండా పోస్టర్లే. మొన్న అందరం భోజనాలకు కూర్చున్నప్పుడు పప్పు వడ్డించుకుంటూ అడిగాడు: "మామయ్యా, పీలే కొట్టిన గోల్స్‌లో సగం ఉత్తుత్తి మ్యాచుల్లోవేనట కదా? అసలు లెక్క తీస్తే ఏడొందల చిల్లరేనట!"

ఫోన్‌లో ఎక్కడో చూశాడు. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. వాడు అన్నది అబద్ధం కాదు. అలాగని పూర్తి నిజమూ కాదు. పప్పన్నం చల్లారేలోపు తేలే విషయం కాదని, తర్వాత చెబుతానని అన్నాను. ఆ చెప్పాల్సింది ఇదే.

ముందు అంకెలు చూద్దాం. గిన్నిస్ వాళ్ల లెక్కలో పీలే గోల్స్ 1,279. ఫిఫా చెప్పిన లెక్క 1,281. పీలే తన గురించి చెప్పుకున్నది 1,283. ఆడిన మ్యాచ్‌లు 1,363 అని సాధారణంగా చెబుతారు. ఈ మూడు లెక్కల మధ్య తేడా నాలుగే గోల్స్, అది పెద్ద తగాదా కాదు. పెద్ద తగాదా అంతా ఇంకో అంకెతో వచ్చింది: 757. సాంటోస్ క్లబ్బు తరఫున అధికారిక పోటీల్లో 643, బ్రెజిల్ జట్టుకు 77, ఆట చివరి రోజుల్లో అమెరికాలో న్యూయార్క్ కాస్మోస్ జట్టుకు 37. కూడితే 757. దీనికి సావో పాలో రాష్ట్ర జట్టుకు కొట్టిన 9, బ్రెజిల్ సైనిక జట్టుకు కొట్టిన 1 కలిపితే 767 అవుతుంది.

ఈ 757, 767ల గొడవ 2020 దాకా గణాంకాల పిచ్చి ఉన్నవాళ్లకు తప్ప ఎవరికీ పట్టలేదు. ఆ ఏడాది డిసెంబర్‌లో మెస్సీ బార్సిలోనా తరఫున 644వ గోల్ కొట్టి, ఒకే క్లబ్బుకు అత్యధిక గోల్స్ కొట్టిన రికార్డు పీలే నుంచి తీసుకున్నాడని పేపర్లన్నీ రాశాయి. పీలే మెస్సీని మెచ్చుకున్నాడు. సాంటోస్ క్లబ్బు మాత్రం ఊరుకోలేదు. మా పీలే మాకు కొట్టింది 643 కాదు, 1,091 అని ప్రకటన ఇచ్చింది. మిగతా 448 ఫ్రెండ్లీ మ్యాచుల్లో, అంటే ఏ అధికారిక పోటీలోనూ భాగం కాని మ్యాచుల్లో కొట్టాడు, అవతల ఆడింది ఆ కాలపు మహామహా జట్లు, వాటిని ఎలా తీసేస్తారని అడిగింది. 2021 మార్చిలో క్రిస్టియానో రొనాల్డో వంతు వచ్చింది. అతను 757 దాటినప్పుడు సంబరం చేసుకోలేదు. 770కి చేరాకే పీలేను దాటానని చెప్పాడు. రాష్ట్ర జట్టు, సైనిక జట్టు గోల్స్ పదీ తాను లెక్కలోకే తీసుకుంటానని, అందుకే ఆగానని వివరించాడు. నాకు రొనాల్డో మీద గౌరవం పెరిగింది ఆ రోజే.

ఇప్పుడు అసలు ప్రశ్న. 1,283లోంచి 757 తీసేస్తే 526. ఇన్ని గోల్స్ ఎక్కడివి? ఒక మనిషి అన్ని ఫ్రెండ్లీలు ఎందుకు ఆడాల్సి వచ్చింది?

దేశానికొక లీగ్ లేని రోజులు

ఇప్పుడు ఫుట్‌బాల్ అంటే దేశానికొక లీగ్, పైన ఛాంపియన్స్ లీగ్ అని మనకు అలవాటైపోయింది. పీలే ఆడిన బ్రెజిల్‌లో అలాంటిది లేదు. మన దేశానికి రెండున్నర రెట్ల పైన విస్తీర్ణం. ఒక మూల నుంచి ఇంకో మూలకి జట్టును తీసుకెళ్లి ఆడించడం ఆ రోజుల్లో ఏ క్లబ్బుకీ అయ్యే పని కాదు. అందుకే అక్కడ ఫుట్‌బాల్ రాష్ట్రాల వారీగా పెరిగింది. సావో పాలో రాష్ట్ర ఛాంపియన్‌షిప్ 1902లోనే మొదలైతే, దేశంలోని క్లబ్బులన్నిటికీ కలిపి మొదటి పోటీ 1959లో గానీ రాలేదు. అదీ కొద్దిపాటి మ్యాచులతో అయిపోయే నాకౌట్. ఇప్పుడు మనం చూసే లీగ్ 1971లో మొదలైంది. అప్పటికి పీలేకు ముప్పై ఏళ్లు నిండాయి, మూడు ప్రపంచ కప్పులూ గెలిచేశాడు.

కాబట్టి ఆ 643లో పెద్ద భాగం రాష్ట్ర లీగ్‌లో కొట్టినవే. 1958లో ఆ ఒక్క టోర్నీలోనే 58 గోల్స్ కొట్టాడు. 1957 నుంచి వరసగా తొమ్మిదేళ్లు టాప్ స్కోరర్, తర్వాత ఇంకో రెండుసార్లు. రాష్ట్ర లీగ్ అనగానే మనవాళ్లు జిల్లా స్థాయి పోటీ లాంటిదేమో అనుకుంటారు. ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే చాలు. 1958, 1962, 1970 ప్రపంచ కప్పులు గెలిచిన బ్రెజిల్ జట్లలో ప్రతి ఆటగాడూ ఆ రోజుకి బ్రెజిల్‌లోనే ఆడుతున్నవాడు. ప్రపంచ ఛాంపియన్లు ఆదివారం ఆదివారం ఒకరినొకరు ఢీకొట్టిన లీగులవి. మంచివాళ్లంతా యూరప్‌కి వెళ్లిపోవడమన్నది తర్వాతి తరాల కథ.

ఇక సాంటోస్ సంగతి. అదేమీ మహానగరం కాదు. కాఫీ ఎగుమతయ్యే రేవు పట్టణం. దాని స్టేడియం విలా బెల్మిరో ఇవాళ్టికీ చిన్నదే. అలాంటి క్లబ్బు చేతిలో పదిహేనేళ్ల కుర్రాడు పడ్డాడు, పదిహేడేళ్లకి ప్రపంచ కప్పు గెలిపించి వచ్చాడు. టికెట్ల డబ్బుతో అతన్ని నిలుపుకోవడం కుదిరే పని కాదు. యూరప్ క్లబ్బులు సంచులు పట్టుకుని తిరుగుతున్నాయి. బ్రెజిల్‌లో అందరూ పీలేను జాతీయ సంపదగా చూస్తున్నారు, బయటికి అమ్మే ప్రసక్తే లేదు. మిగిలింది ఒకటే దారి: జట్టును విమానం ఎక్కించి ఊరూరా ఆడించడం, పీలే ఆడతాడని ఒప్పందంలో రాసి డబ్బు తీసుకోవడం.

1959 యూరప్ టూర్ చూడండి. వారానికి మూడు మ్యాచులకు తగ్గకుండా ఇరవైకి పైగా ఆడారు. మాడ్రిడ్‌లో రియల్ మాడ్రిడ్ చేతిలో 5–3తో ఓడారు. తర్వాత ఇంటర్ మిలాన్‌ని 7–1తో చిత్తు చేశారు, అందులో నాలుగు పీలేవి. ఆ తర్వాత రెండే రోజులకు బార్సిలోనాని వాళ్ల మైదానంలోనే 5–1తో ఓడించారు. ఈ గోల్స్ ఏవీ 757లో లేవు. ఇవి ఉత్తుత్తి మ్యాచులని మా మేనల్లుడు అంటే ఇంటర్ మిలాన్ వాళ్లే ఒప్పుకోరు.

అదే ఏడాది పీలే నిర్బంధ సైనిక సేవలో కూడా ఉన్నాడు. అంటే సాంటోస్‌కి ఆడాలి, బ్రెజిల్‌కి ఆడాలి, రాష్ట్ర జట్టుకు ఆడాలి, మళ్లీ సైనిక జట్టుకు కూడా ఆడాలి. ఆ ఒక్క ఏడాదిలో వంద మ్యాచుల దాకా ఆడి 120కి పైగా గోల్స్ కొట్టాడు. పద్దెనిమిదేళ్లు నిండిన కుర్రాడు. ఇప్పుడు అరవై మ్యాచులు ఆడితేనే అలసిపోయారని కోచ్‌లు గోల పెడుతున్నారు, అదీ సబ్‌స్టిట్యూట్లు ఉన్న కాలంలో. అప్పట్లో పోటీ మ్యాచుల్లో సబ్‌స్టిట్యూట్లు లేరు, దెబ్బ తగిలితే కుంటుతూ ఆడాలి.

నా దృష్టిలో 1,283 అనేది రికార్డు కన్నా ముందు ఒక హాజరు పట్టీ. ఒక మనిషి ఒంటితో ఎంత పని చేయించుకున్నారో చెప్పే పట్టీ.

అవతలివాళ్ల వాదన కూడా వినాలి

ఫ్రెండ్లీలను లెక్కలోంచి తీసేయాలనేవాళ్లు తెలివితక్కువవాళ్లేం కాదు. వాళ్ల వాదనలో బలం ఉంది. 1968 జులైలో బొగోటాలో జరిగింది చూస్తే అర్థమవుతుంది. సాంటోస్ అక్కడ కొలంబియా ఒలింపిక్ జట్టుతో ఆడుతోంది. రెఫరీ గియ్యెర్మో వెలాస్కెజ్, గొడవ పడ్డాడని పీలేను బయటికి పంపేశాడు. స్టేడియం అంతా భగ్గుమంది. సొంత జట్టుకు లాభమే అయినా జనం ఒప్పుకోలేదు, వాళ్లు డబ్బు పెట్టి వచ్చింది పీలేను చూడ్డానికి. చివరికి ఏమైందో తెలుసా? రెఫరీని బయటికి పంపారు, పీలేను మళ్లీ లోపలికి పిలిచారు! లైన్స్‌మన్ విజిల్ పట్టుకుని మిగతా ఆట నడిపించాడు.

ఆటలో నియమం కన్నా ఆటగాడే పెద్ద అయిన రోజు అది. అలాంటి మ్యాచ్‌లో వచ్చిన గోల్‌నీ ప్రపంచ కప్ సెమీఫైనల్లో ఫ్రాన్స్ మీద కొట్టిన గోల్‌నీ ఒకే గాటన కట్టలేం. చిన్న ఊళ్ల జట్ల మీద, స్థానిక ఆటగాళ్లను పోగేసిన జట్ల మీద కొట్టినవీ ఆ 526లో ఉన్నాయి. వాటిని ఇంటర్ మిలాన్ మీద కొట్టిన నాలుగు గోల్స్‌తో కలిపి ఒకే మూటలో వేశారు. చిక్కంతా అక్కడే. "ఫ్రెండ్లీ" అనే ఒకే మాట కింద రెండు వేరువేరు ఆటలు ఉన్నాయి. ఒకటి అప్పటి ప్రపంచ క్లబ్ ఫుట్‌బాల్‌లో నిజమైన పెద్ద పోటీ. ఇంకోటి ఊరి జాతర.

ఈ తలనొప్పి పీలేతో మొదలైంది కాదు, పీలేతో ఆగిందీ కాదు. ఆయనకు ముందు తరంలో ఫ్రీడెన్‌రైష్ అనే బ్రెజిల్ ఆటగాడు 1,329 గోల్స్ కొట్టాడని దశాబ్దాల పాటు చెప్పుకున్నారు, ఆ లెక్కకు ఆధారం మాత్రం నిలవలేదు. 2007లో రొమారియో తన వెయ్యో గోల్ పండగ చేసుకున్నాడు, అందులో కుర్రాళ్ల జట్లకు ఆడినప్పటివీ కలిపాడు. 2020–21లో రికార్డులన్నీ తిరగేస్తుంటే జోసెఫ్ బికాన్ అనే పాతకాలపు ఆటగాడి పేరు పైకొచ్చింది, ఆయన లెక్క మీదా ఒక మాట లేదు.

మనకు బాగా దగ్గరి ఉదాహరణ క్రికెట్లో ఉంది, చాలామందికి తెలీదు. జాక్ హాబ్స్ కొట్టిన ఫస్ట్ క్లాస్ సెంచరీలు 197 అని కొన్ని పుస్తకాల్లో, 199 అని కొన్ని పుస్తకాల్లో ఉంటుంది. ఆ రెండు సెంచరీల తేడా మన విజయనగరం పుణ్యమే. 1930–31లో విజయనగరం మహారాజకుమారుడు, అందరూ విజ్జీ అని పిలిచే విజయానంద గజపతిరాజు, సొంత ఖర్చుతో జట్టు కట్టి హాబ్స్‌ని పిలిపించి భారత్, సిలోన్‌లలో ఆడించాడు. ఆ టూర్‌లో కొట్టిన రెండు సెంచరీలను ఫస్ట్ క్లాస్‌గా లెక్కించాలా వద్దా అని గణాంకాల పండితులు ఇప్పటికీ రెండు వర్గాలు. పరుగులు అవే, బంతులు అవే, హాబ్స్ కూడా ఆయనే. మారేది మ్యాచ్ మీద అతికించిన చీటీ ఒక్కటే.

వెయ్యో గోల్, ఎక్కడ కొట్టాడు?

ఈ లెక్కల వ్యవహారంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం 1969 నవంబర్‌లో ఆ అయిదారు రోజులు. పీలే వెయ్యికి దగ్గర పడ్డాడు. దేశమంతా టెన్షన్.

నవంబర్ 14న సాంటోస్ ఈశాన్య బ్రెజిల్‌లోని జువావో పెస్సోవాలో ఒక ఫ్రెండ్లీ ఆడింది. పీలే పెనాల్టీ కొట్టి 999కి వచ్చాడు. ఇంకొక్కటి కొడితే చరిత్ర ఆ ఊళ్లోనే జరిగిపోతుంది. అప్పుడే సాంటోస్ గోల్‌కీపర్ దెబ్బ తగిలిందని పడిపోయాడు. రిజర్వు గోల్‌కీపర్‌గా పీలే పేరే ఉండేది. అలా పీలే వెళ్లి గోల్‌పోస్టు ముందు నిలబడ్డాడు, ఇక గోల్ కొట్టే ప్రసక్తి లేదు. రెండు రోజుల తర్వాత సాల్వడార్‌లో బహియా జట్టుతో మ్యాచ్. పీలే గోల్‌కీపర్‌ని దాటించి కొట్టిన బంతిని నిల్డో అనే డిఫెండర్ గీత మీద ఆపేశాడు. సొంత ఊరి జనం అతన్ని చీవాట్లు పెట్టారు! తమ జట్టుకు గోల్ తప్పించినందుకు తిట్లు తిన్న డిఫెండర్ ప్రపంచంలో ఎంతమంది ఉంటారు?

చివరికి 19వ తేదీ రాత్రి, రియోలో మారకానా స్టేడియం. అవతల వాస్కో డ గామా. 65 వేల మంది. వాస్కో వాళ్లు మాత్రం ఆ గోల్ తమ మీద పడకూడదని ప్రాణం పెట్టి ఆడారు. ఒకసారి పీలే తలకు అందాల్సిన బంతిని ముందే తప్పించబోయి, రెనే అనే డిఫెండర్ తన గోల్‌లోనే తలతో కొట్టేసుకున్నాడు. పీలేకి ఇవ్వడం కన్నా సొంత గోల్ నయమనుకున్నాడా అన్నట్టుంది. స్కోరు 1–1. ఆట ఇంకో పది నిమిషాల్లో ముగుస్తుందనగా పీలేను పడేశారు, పెనాల్టీ.

సాంటోస్ ఆటగాళ్లంతా మధ్య గీత దగ్గరికి వెళ్లి వరసగా నిలబడ్డారు. పీలే ఒక్కడూ బంతి ముందు. గోల్‌కీపర్ ఆండ్రాడా అర్జెంటీనావాడు. పీలే పరుగెత్తుతూ వచ్చి, క్షణం ఆగి, కుడికాలితో కొట్టాడు. ఆండ్రాడా సరైన వైపే దూకాడు, వేళ్లు దాదాపు తగిలాయి. బంతి లోపలికి వెళ్లాక అతను కూర్చుని రెండు చేతులతో నేలను బాదుకున్నాడు. పీలే వలలోకి పరుగెత్తి బంతిని తీసుకుని ముద్దు పెట్టుకున్నాడు. ఫోటోగ్రాఫర్లు, రేడియోవాళ్లు మీద పడిపోయారు. ఆ గోల్‌ని బ్రెజిల్‌లోని పేద పిల్లలకు అంకితం ఇస్తున్నానని ఏడుస్తూ చెప్పాడు. 1,000 అని రాసిన వాస్కో జెర్సీ తొడిగారు, మైదానం చుట్టూ తిరిగాడు. అదే రోజు అపోలో 12 చంద్రుడి మీద దిగింది. బ్రెజిల్ పేపర్లు మొదటి పేజీని రెండు వార్తలకూ పంచాల్సి వచ్చింది.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. చాలా ఏళ్ల తర్వాత ఒక బ్రెజిల్ పత్రిక పాత రికార్డులు తవ్వి, 1959లో పరాగ్వే మీద సైనిక జట్టు తరఫున కొట్టిన ఒక గోల్ లెక్కలో పడలేదని తేల్చింది. ఆ ఒక్కటి కలిపితే వెయ్యోది మారకానాలో కాదు, జువావో పెస్సోవాలోనే అయిపోయింది. ఏ ఊళ్లో కొట్టకూడదని గోల్‌కీపర్‌ని పడుకోబెట్టారో ఆ ఊళ్లోనే.

ఇప్పుడు ఒక్క నిమిషం ఆలోచించండి. మారకానా గోల్ అధికారిక పోటీలోదే, 757లో అది ఉంది. దాన్ని "వెయ్యోది" చేసినవి మాత్రం లెక్కలోంచి తీసేసిన ఫ్రెండ్లీలు. ఆ ఫ్రెండ్లీలు లేకపోతే ఆ రాత్రి ఎవరూ ఏడవరు, పీలే బంతిని ముద్దు పెట్టుకోడు. జనం మనసులో ఉన్న పీలేను అధికారిక జాబితా నుంచి విడదీయబోతే ఇలాగే రెండూ చేతిలో చిరిగిపోతాయి.

పద్దులో పట్టనివి

పీలే అసలు పేరు ఎడ్సన్ అరాంటెస్ డో నాసిమెంటో. 1940 అక్టోబర్ 23న మినాస్ జెరైస్ రాష్ట్రంలో ట్రెస్ కొరసోయెస్ అనే ఊళ్లో పుట్టాడు. ఊళ్లోకి అప్పుడప్పుడే కరెంటు వచ్చింది, ఆ సంతోషంలో థామస్ ఎడిసన్ పేరు పెట్టారు. తండ్రి డొండినో కూడా ఫుట్‌బాల్ ఆటగాడే, మోకాలి దెబ్బతో పైకి రాలేకపోయాడు. బౌరు పట్టణంలో బంతి కొనే స్తోమత లేక పాత మేజోళ్లలో కాగితాలు, గుడ్డ పీలికలు కుక్కి ఆడుకున్న బాల్యం, బూట్లు పాలిష్ చేసి సంపాదించిన చిల్లర. 1950లో మారకానాలో ఉరుగ్వే చేతిలో బ్రెజిల్ ఓడినప్పుడు రేడియో ముందు తండ్రి ఏడవడం చూసి, నీకు నేను కప్పు తెస్తానని చెప్పిన తొమ్మిదేళ్ల పిల్లవాడు, ఆ తర్వాత ఎనిమిదేళ్లకే స్వీడన్ నుంచి తెచ్చి ఇచ్చాడు. ఆ 1958 కప్పులో ఆరు గోల్స్: క్వార్టర్ ఫైనల్లో వేల్స్ మీద ఒకటి, సెమీస్‌లో ఫ్రాన్స్ మీద మూడు, ఫైనల్లో స్వీడన్ మీద రెండు.

1962లో చిలీలో రెండో మ్యాచ్‌కే కండరం పట్టేసి కూర్చోవాల్సి వచ్చింది, ఆ కప్పు సహచరుడు గరించాది. 1966లో ఇంగ్లండ్‌లో బల్గేరియా, పోర్చుగల్ డిఫెండర్లు కాళ్లు విరిచినంత పని చేశారు, బ్రెజిల్ గ్రూపు దశలోనే ఇంటికొచ్చింది. పసుపు, ఎరుపు కార్డులు 1970 ప్రపంచ కప్పుతోనే వచ్చాయి. అంతకుముందు పీలే లాంటివాడిని ఆపడానికి అందరికన్నా సులువైన దారి తన్నడమే. 1970లో మెక్సికోలో నాలుగు గోల్స్ కొట్టాడు కానీ, జనం ఇప్పటికీ చెప్పుకునేది ఫైనల్లో కార్లోస్ అల్బెర్టోకి అందించిన పాస్ గురించి. తలెత్తి చూడకుండా, వెనక ఎవరు వస్తున్నారో వీపుతో చూసినట్టు, తాపీగా కుడివైపు దొర్లించాడు. ఈ పాస్ ఏ గోల్ లెక్కలోనూ పీలే పేరు మీద ఉండదు.

ఇంకోటి ఉంది. తాను కొట్టిన గోల్స్‌లో అన్నిటికన్నా అందమైనదని పీలే చెప్పింది 1959 ఆగస్టు 2న సావో పాలోలోని జువెంటుస్ క్లబ్బు మీద కొట్టినది. రువా జవారీ అనే చిన్న మైదానం. బంతిని నేలకు తగలనీయకుండా వరసగా డిఫెండర్ల తలల మీదుగా, చివరికి గోల్‌కీపర్ తల మీదుగా దాటించి తలతో లోపలికి నెట్టాడు. అధికారిక లెక్కలో అది ఉంది. ఫిల్ము మాత్రం లేదు. చూసినవాళ్ల మాటల్ని బట్టి కంప్యూటర్ మీద బొమ్మ కట్టి చూపించారు, అంతే. మా వాడికి మెస్సీ ప్రతి గోల్‌నీ ఆరు కోణాల్లో చూసే అదృష్టం ఉంది. పీలే విషయంలో నమ్మడం ఒక్కటే మార్గం. అందుకే ఇప్పటి పిల్లలు అంకెల మీద అంత పట్టుబడుతున్నారేమో అనిపిస్తుంది. చూడలేనిదాన్ని కనీసం లెక్కపెడదామని.

గోల్స్ లెక్కలో పట్టనివి మంచివే కాదు. 1964 నుంచి బ్రెజిల్‌ని సైన్యం పాలించింది, 1970 విజయాన్ని ఆ పాలకులు తమ ప్రచారానికి బాగా వాడుకున్నారు. పీలే నోరు విప్పలేదు. ఆయనతో కలిసి ఆడిన పాలో సీజర్ లాంటివాళ్లే దాన్ని తప్పుపట్టారు. కోర్టు తన కూతురే అని తేల్చిన సాండ్రాని ఆయన దగ్గరికి తీసుకోలేదు. 2006లో ఆమె క్యాన్సర్‌తో చనిపోతే అంత్యక్రియలకు కూడా వెళ్లలేదు. పీలేను ప్రేమించేవాడిగా ఈ వాక్యం రాయడం నాకు కష్టంగానే ఉంది, కానీ దాటేసి రాస్తే అది జీవితం కాదు, పూజ.

ఆ తూకంలో ఇంకోవైపు ఒక చట్టం ఉంది. 1995 నుంచి 1998 దాకా ఆయన బ్రెజిల్ క్రీడా మంత్రి. అక్కడ అప్పటిదాకా ఆటగాడి ఒప్పందం ముగిసినా అతని మీద హక్కు క్లబ్బు చేతిలోనే ఉండేది, క్లబ్బు వదిలితే తప్ప ఇంకోచోటికి పోలేడు. 1998లో వచ్చిన చట్టం ఆ పద్ధతికి ముగింపు పలికింది. దాన్ని అందరూ పీలే చట్టమనే పిలుస్తారు. ఇరవై ఏళ్లు విమానాల్లో ఊరూరా తిప్పబడినవాడు తీసుకొచ్చిన చట్టమది. ఆ హాజరు పట్టీ పక్కన పెట్టి చదివితే దాని విలువ ఇంకా బాగా తెలుస్తుంది.

ఆ 1,363 మ్యాచుల జాబితాలో మన దేశానికి సంబంధించింది కూడా ఒకటుంది. 1977 సెప్టెంబర్ 24, కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్. వానకు తడిసి బురదైన మైదానం. కాస్మోస్ జట్టు, ఎదురుగా పీకే బెనర్జీ కోచ్‌గా ఉన్న మోహన్ బగాన్. పీలేను గోల్ కొట్టనివ్వలేదు. గోల్‌కీపర్ శిబాజీ బెనర్జీ అడ్డు నిలబడ్డాడు. మ్యాచ్ 2–2తో ముగిసింది. మోహన్ బగాన్ రెండు గోల్స్‌లో ఒకటి శ్యామ్ థాపాది. ఇంకోటి మన హైదరాబాద్ కుర్రాడు మహమ్మద్ హబీబ్‌ది. ఇదీ ఫ్రెండ్లీనే. హబీబ్ 2023 ఆగస్టు 15న హైదరాబాద్‌లోనే కన్నుమూశాడు. ఆ రోజు ఆయన్ని తలుచుకున్న చాలామంది ముందు గుర్తు చేసుకున్నది ఈ మ్యాచ్‌నే. ఏ అధికారిక రికార్డులోనూ లేని గోల్ అది, హైదరాబాద్ ఫుట్‌బాల్ మనుషుల్ని అడగండి దాని విలువ ఎంతో!

కోల్‌కతా తర్వాత వారానికి, 1977 అక్టోబర్ 1న న్యూజెర్సీలో పీలే ఆఖరి మ్యాచ్. కాస్మోస్, సాంటోస్ మధ్య. మొదటి సగం కాస్మోస్‌కి, రెండో సగం సాంటోస్‌కి ఆడాడు. మొదటి సగంలో దూరం నుంచి ఫ్రీకిక్ కొట్టాడు, అదే చివరి గోల్. వీడ్కోలు మ్యాచ్ కాబట్టి ఇదీ ఫ్రెండ్లీ. 757లో లేదు.

మేనల్లుడికి నేను చెప్పబోయేది ఇది. రొనాల్డోతో, మెస్సీతో పోల్చాలంటే 757 గానీ 767 గానీ పెట్టుకో, అది న్యాయమే, వాళ్లిద్దరూ పీలేను దాటారు. కానీ 1,283 అబద్ధమని మాత్రం అనకు. తన బతుకులో ఏం చేశాడని ఒక మనిషిని అడిగితే, అది ఆయన చెప్పే జవాబు. నీ జాబితా ప్రకారం అయితే పీలే చివరి గోలే కాదు, మొదటి గోల్ కూడా లేనట్టే లెక్క. 1956 సెప్టెంబర్ 7, బ్రెజిల్ స్వాతంత్ర్య దినం, సాంటో ఆండ్రే అనే ఊళ్లో ఫ్రెండ్లీ. సాంటోస్ 7–1తో గెలిచింది. రెండో సగంలో మైదానంలోకి దిగిన పదిహేనేళ్ల కుర్రాడు ఒక గోల్ కొట్టాడు. ఆ గోల్ తిన్న గోల్‌కీపర్ పేరు జలువార్. తర్వాతి రోజుల్లో అతను తన విజిటింగ్ కార్డు మీద, పీలే మొదటి గోల్ తిన్న గోల్‌కీపర్‌ని అని అచ్చేయించుకుని కలిసిన వాళ్లందరికీ ఇచ్చేవాడు.